సున్నా పాయింట్ ఎనిమిది

నేను ఒక కంప్యూటర్ని. ఈ మాట అనగానే మీ కళ్లు బల్లమీదకు పోతాయని నాకు తెలుసు. అక్కడ వెలిగిపోతూ, సోకులు పోతూ కూర్చున్నది నేను కాదండీ. అది మానిటరు. దాని బతుకంతా నేను చెప్పింది చూపించడమే. నేను బల్ల కింద, కాళ్ల దగ్గర, రోజూ చీపురుదెబ్బ తినేచోట ఉండే నల్లడబ్బాని. చాకిరీ నాది, పేరు దానిది. కోడలు వండిన పులుసుకి అత్తగారు శభాష్ అనిపించుకున్నట్టుంటుంది మా వ్యవహారం. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది, మండితే ఫ్యాను జోరుగా తిరుగుతుంది, అది విని ఇంట్లోవాళ్లు దుమ్ము పట్టిందేమో అనుకుంటారు.

మీ సొంతూరేదని అడిగితే నేను తడుముకోవాలి. నా ప్రాసెసర్ ఒక దేశంలో పుట్టింది, మెమరీ ఇంకో దేశంలో పుట్టింది, రేకు డబ్బా ఎక్కడ పుట్టిందో దానికే తెలియదు. ఇన్ని గోత్రాలవాళ్లం ఒకచోట చేరి కాపురం పెట్టింది మాత్రం తెనాలిలో, నాళం గురునాథం గారి కిరాణా కొట్లో. కిరాణా కొట్లో కంప్యూటర్ పుట్టడమేమిటని నవ్వకండి. ఆ కొట్టుకి మధ్యలో ప్లైవుడ్ అడ్డం కట్టారు. అటు ఇంగువ, చింతపండు, ఎండుమిరపకాయలు, గురునాథం గారు. ఇటు కీబోర్డులు, వైర్లు, ఆయన కూతురు హైమావతి. నా ఫ్యాను మొదటిసారి తిరిగినప్పుడు లోపలికి పీల్చుకున్నది మిరపఘాటు. వైద్యులెవరైనా చూస్తే అందుకే నేనింత కోపిష్టినని చెబుతారు.

హైమకు ఇరవై ఎనిమిదేళ్లు. స్క్రూ బిగిస్తే దేవుడికి దణ్ణం పెట్టినంత శ్రద్ధగా బిగిస్తుంది. నన్ను బిగించాక ఒక తెల్లకాగితం తీసుకుని తన చేత్తో నా జాతకం రాసింది. ప్రాసెసర్ వేగం 3.6, పరుగు అందుకుంటే 4.2. మెమరీ 3200. ఈ అంకెలేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ప్రాసెసర్ అంటే నాలో లెక్కలు చేసేవాడు. 3.6 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకి మూడువందల అరవై కోట్ల అడుగులు వేయగలడని. వేయగలడు అన్నాను, వేస్తూనే ఉంటాడు అనలేదు. పని లేనప్పుడు వాడూ మనిషిలాగే కాళ్లు చాపుకుని సున్నా పాయింట్ ఎనిమిది దగ్గర కునుకు తీస్తాడు. కరెంటు ఆదా, ఒంటికి చలవ. ఇంత చిన్న సంగతి తెలియక ఒక పెద్దమనిషి నా పరువు బజారుకీడ్చాడు. ఆ కథే ఇది.

ఆ పెద్దమనిషి పేరు జాగర్లమూడి దశరథరామయ్య గారు. తూనికలు కొలతల శాఖలో ముప్పైరెండేళ్లు ఇన్‌స్పెక్టరు చేసి రిటైరయ్యారు. ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే మార్కెట్లో బెల్లం దిమ్మలకు కూడా చెమటలు పట్టేవట. రిటైరయ్యాక చేతులు ఊరుకోవుగదా. రోజూ పొద్దున్నే పాల ప్యాకెట్టు తూచేవారు. పంచెల చాపు కొంటే కొట్లోనే టేపు తీసేవారు. ఒకసారి గుళ్లో ప్రసాదం పెడుతుంటే తనకూ పక్కాయనకూ పెట్టిన పులిహోరలో తేడా ఉందని పూజారితో అన్నారట. పూజారి ఆ గుడి వదిలి వేరే ఊరు వెళ్లిపోయాడని సామ్రాజ్యం గారు చెబుతారు. సామ్రాజ్యం గారంటే ఆయన భార్య.

ఈయన ఉద్యోగంలో ఉండగా, పద్దెనిమిదేళ్ల కిందట, గురునాథం గారి కొట్టుమీద పడ్డారు. కేజీ రాయిని తన పెట్టెలో ఉన్న అసలు రాయితో సరిచూస్తే ఇరవై రెండు గ్రాములు తక్కువొచ్చింది. బరువు సరిచేయడానికి రాయి అడుగున పోసిన సీసం రాలిపోయింది. అబద్ధం లేదు, తక్కువే. బజారు నడిమధ్యన నిలబడి నేరం గట్టిగా చదివారు, కేసు రాశారు, వెళ్లిపోయారు. ఆయన వెళ్లిపోయారుగానీ ఆ మాట వెళ్లలేదు. ఆ కొట్టుకి ఎన్ని బోర్డులు మార్చినా మా కొత్తపేటలో దాని పేరు తక్కువతూకం కొట్టే. "తక్కువతూకం కొట్టు పక్క సందులో దించు" అంటే చాలు, ఆటోవాళ్లు ఇంకేమీ అడగరు. హైమ బళ్లో చదివినన్నాళ్లూ తక్కువతూకం వాళ్లమ్మాయే. అందుకే ఆ పిల్ల నా జాతకం రాసేటప్పుడు ప్రతి అంకెనీ మూడుసార్లు సరిచూసుకుంది. గురునాథం గారు ప్లైవుడ్ పక్కనుంచి తొంగిచూసి, "జాగర్త తల్లే, ఆయన కొనేది" అన్నారు.

అవును, నన్ను కొన్నది దశరథరామయ్య గారే. కొనిపించింది సామ్రాజ్యం గారు. కొట్టు దగ్గర, పిల్ల మంచిది, పాడైతే పిలవగానే వస్తుందని ఆవిడ వాదన. దగ్గరుంటే పట్టుకోవడం కూడా సులువని ఆయన ఒప్పుకోలు. ఆయనకు నాతో పనేమిటంటే, తన సర్వీసు అనుభవాలు పుస్తకంగా రాయాలి. మొదటి అధ్యాయం పేరు అప్పటికే ఖాయం చేసుకున్నారు: మహామోసగాడు గురునాథం.

హైమ స్వయంగా వచ్చి నన్ను ముందుగదిలో అమర్చింది. తెలుగు అక్షరాలు, ప్రింటరు, ఇంకా ఏవేవో లోపల ఎక్కిస్తూ, "సార్, ఈ టాస్క్ మేనేజర్ తీస్తే మీ మిషన్ ఎంత వేగంతో నడుస్తందో అప్పటికప్పుడు కనపడద్ది. నా మాట నమ్మక్కర్లేదు, మీ కళ్లతో మీరే చూసుకోండి" అని తెరమీద ఆ కిటికీ తెరిచి చూపించింది. ఎక్కింపుల పని జోరుమీదుంది కాబట్టి నేను నాలుగు మీద పరుగెడుతున్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, తలూపి, సంతకం పెట్టారు. మంచికి పోతే చెడు ఎదురైందంటారు చూడండి, ఆ పిల్ల నిజాయితీగా తెరిచిన ఆ కిటికీయే మా కొంప ముంచింది.

మర్నాడు పొద్దున పదింటికి దశరథరామయ్య గారు చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, నా ముందు కూర్చుని ఆ కిటికీ తెరిచారు. తెరిచి, మౌస్ మీదనుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. పైన తిరిగే ఫ్యాను కూడా ఆపేశారు. కాటా మీద చెయ్యి ఉండగా, గాలి ఆడుతుండగా రీడింగ్ తీయకూడదన్నది ఆయన ముప్పైరెండేళ్ల నియమం. ఊపిరి బిగబట్టి నన్నే చూశారు. ఆయన ఏ పనీ చెప్పకుండా చూస్తుంటే నేనేం చేస్తాను? మర్యాదగా కాళ్లు చాపుకున్నాను. సున్నా పాయింట్ ఎనిమిది.

ఆయన ముఖం చూడాలి మీరు! ఒక్కసారిగా పదేళ్లు తగ్గిపోయారు. నోటుబుక్కు తెచ్చి అంకె వేసుకున్నారు. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూశారు, సున్నా పాయింట్ ఎనిమిది. మూడోసారి చూద్దామని మౌస్ కదిపారో లేదో నేను ఉలిక్కిపడి లేచి రెండున్నరకి ఎగబాకాను. చెయ్యి తీశారు, పడిపోయాను. పెట్టారు, లేచాను. తీశారు, పడ్డాను. నేను పాపం ఆయన పిలిచినప్పుడల్లా వినయంగా లేచి నిలబడుతున్నానని అనుకుంటున్నాను. ఆయన మాత్రం వంటింటి వైపు తిరిగి కేక పెట్టారు.

"సామ్రాజ్యం! ఇట్టా రా, ఒకటి చూపిస్తా. చెయ్యి వేస్తే ముల్లు లేస్తోంది, తీస్తే పడిపోతోంది. వంకాయలమ్మేవాడు పళ్లెం కింద వేలు పెట్టి నొక్కితే కాటా ఎట్టా ఆడుద్దో అట్టానే ఉంది. నిన్న ఆ పిల్ల ఇక్కడున్నంతసేపూ నాలుగు. పిల్ల గడప దాటింది, సున్నా పాయింట్ ఎనిమిది! ఇన్‌స్పెక్టరున్నప్పుడు ఒక రాయి, పోయాక ఇంకో రాయి. నాకు తెలీదూ?"

సామ్రాజ్యం గారు పోపుగరిటెతోనే వచ్చి చూసి, "బానే ఉందిగా, వెలుగుతోందిగా" అని వెళ్లిపోయారు.

నాకు నోరుంటే ఆ పూటే తేలిపోయేది. అయ్యా, మీరు ముందుగదిలో పడక్కుర్చీలో కునుకు తీస్తున్నప్పుడు ఎవరైనా వచ్చి మీ నడక వేగం కొలిస్తే ఎంతొస్తుందని అడిగేవాణ్ణి. ఏం చేస్తాం, అడుగుదామంటే మాట రాదు. కోపంతో ఫ్యాను తిప్పాను. మోటారు అరుగుదల ఉంది అని అది కూడా బుక్కులో రాసుకున్నారు.

పాపం దానంతటది ఊరుకోదంటారు. మెమరీ సంగతి కూడా తేల్చాలని ఆయన ఎక్కడో విని, పార్టుల వేగం చూపించే ప్రోగ్రాము ఇంకొకటి నాలో ఎక్కించారు. మెమరీ అంటే ప్రాసెసర్‌కి కావలసిన సరుకు పక్కనే అందుబాటులో పెట్టుకుని అందించేది. హైమ కాగితంలో 3200 అని ఉంది. ప్రోగ్రాములో 1600 అని పడింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "సరిగ్గా సగం! గ్రాములు కాదే, సగానికి సగం! నా సర్వీసులో ఇంత తెగింపు చూళ్లేదు. తండ్రి ఇరవై రెండు గ్రాములు కొడితే కూతురు సగం కొట్టేసింది!" అన్నారు. ఆ మధ్యాహ్నం చాలాకాలానికి మారు అన్నం అడిగి వేయించుకున్నారు. ఆ సంతోషం చూసి సామ్రాజ్యం గారు కూడా మురిసిపోయారు, సంగతేమిటో తెలియకపోయినా.

ఇంతకీ ఆ ఇంట్లో నా సత్తా తెలిసిన మనిషి ఆవిడే. సాయంత్రం నాలుగింటికి ఆయన లైబ్రరీకి వెళ్లగానే ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చునేవారు. మహిళామండలి వాళ్లు రోటిపచ్చళ్ల వీడియోల పోటీ పెట్టారు. ఆవిడ ముప్పైయొక్క పచ్చళ్లు ఫోన్లో తీసి, వాటిని నాలో పోసి, ముక్కలు కత్తిరించి, అతికించి, ఒక్కోదాని వెనక సన్నాయి పెట్టి, పేర్లు రంగుల్లో వేసి, అవి గిర్రున తిరిగేట్టు చేసి నన్ను నాలుగు పాయింట్ రెండు మీద పరుగులు పెట్టించేవారు. ఆ రెండు గంటలూ నా బతుకుకి పండగ. నా అంకెలు పట్టించుకునే ఓపిక మాత్రం ఆవిడకు లేదు. గోంగూర ఎర్రగా కనపడుతోందా, పచ్చగా కనపడుతోందా అన్నదే ఆవిడ గొడవ.

అంతలో గురువారం నాడు జూనియర్ కాలేజీ కరస్పాండెంట్ బసవపున్నయ్య గారు ఇంటికొచ్చారు. కాలేజీ ల్యాబుకి నలభై కంప్యూటర్లు కావాలట. హైమకే ఇద్దామని ఉందట. "ఊళ్లో మీ మాటంటే ముద్ర వేసినట్టే గదండీ. మీ ఇంట్లో ఆ పిల్ల చేసిన మిషనే ఉందంట. ఎట్టా ఉందో ఒక్కమాట చెప్పండి" అన్నారు. దశరథరామయ్య గారు నోటుబుక్కు ఆయన ముందు తెరిచారు. బసవపున్నయ్య గారి ముఖం వాడిపోయింది. సోమవారం పదకొండింటికి ఆ కొట్లోనే, అందరిముందూ తేలుస్తానని దశరథరామయ్య గారు మాటిచ్చారు.

వార్త సాయంత్రానికల్లా కొట్టుకి చేరింది. మర్నాడు హైమ పరుగున వచ్చింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు. "సార్, దానికి పని చెప్పి చూడండి. పని లేనప్పుడు నెమ్మదిస్తది. అట్టా నెమ్మదించేట్టే చేస్తారు సార్ దాన్ని" అంది.

"కాటాకి పని చెప్పడమేందమ్మాయ్? కదలకుండా ఉన్నప్పుడే చదవాలి కాటాని."

"ఇది కాటా కాదు సార్!"

"మీ నాన్న కూడా ఆ రోజు ఇట్టానే ఏదో చెప్పబోయాడు" అన్నారాయన. హైమ వెనక్కి తిరిగింది. గేటు దాకా వెళ్లి, చున్నీతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. నేను బల్ల కింద నుంచి చూస్తూనే ఉన్నాను. నన్ను బిగించిన చేతులవి. నాలుగు పాయింట్ రెండు ఉండి ఏం లాభం, ఒక్క మాట సాయం చేయలేకపోయాను.

ఆ పిల్ల అటు వెళ్లగానే ఆయన సాక్ష్యం చెడిపోకుండా నాకు సీలు వేశారు. లక్క కరిగించి నా పవర్ బటన్ మీద పోశారు. ఆఫీసు ముద్ర రిటైరైననాడే అప్పజెప్పేశారు కాబట్టి, సామ్రాజ్యం గారి ఇత్తడి కుంకుమభరిణె తీసి, దాని మూత అద్దారు. నా నుదుట ఇప్పుడు ఎర్రటి బొట్టు, మధ్యలో నెమలి. సాక్షిగా పాలవాడి చేత సంతకం చేయించారు. అతను దేనికో కూడా అడక్కుండా సంతకం చేసి, పాలక్యాను మర్చిపోయి పారిపోయాడు.

"నా భరిణె లక్కలో ముంచారా! అది కాక అందులో నా పచ్చళ్లున్నాయి. సోమవారం పన్నెండింటికల్లా పంపాలి!" అని సామ్రాజ్యం గారు లబోదిబోమన్నారు. సాక్ష్యంలో పచ్చళ్లుండవన్నారాయన. ఆ రెండు రోజులూ ఆ ఇంట్లో కూరల్లో ఉప్పు లేదు. తూచి చూసినా దొరకలేదు.

సోమవారం నన్ను దుప్పట్లో చుట్టి ఆటోలో కూర్చోబెట్టారు. పక్కన పట్టుచీర కట్టుకుని సామ్రాజ్యం గారు. కొట్టు ముందు అప్పటికే జనం. టీ కొట్టాయన గ్లాసులు కడగడం మానేసి వచ్చాడు. బసవపున్నయ్య గారు కుర్చీలో ఇబ్బందిగా కూర్చున్నారు. హైమ నిలబడి ఉంది. ప్లైవుడ్ అవతల గురునాథం గారు పొట్లాలు కడుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఆయన ఇవతలికి రాలేదు.

నన్ను కొట్లోని మానిటరుకి తగిలించాక దశరథరామయ్య గారు లక్క పగలగొట్టి బటన్ నొక్కారు. నేను లేచి, కాసేపు కళ్లు నులుముకుని నిదానించాక ఆ కిటికీ తెరిచారు. "ఎవరూ ముట్టుకోవద్దు. కొట్లో ఫ్యాను ఆపండి" అన్నారు. ఆపారు. ఎవరైనా ఏదైనా చెప్పండయ్యా, కనీసం రెండురెళ్లెంతో అడగండయ్యా అని లోపల మొత్తుకుంటున్నాను. ఎవరూ అడగలేదు. సున్నా పాయింట్ ఎనిమిది.

జనం ప్చ్ అన్నారు. వెనకనుంచి ఎవడో "తక్కువతూకం వాళ్లేగదా" అన్నాడు. ప్లైవుడ్ అవతల పొట్లాల చప్పుడు ఆగిపోయింది. బసవపున్నయ్య గారు గొంతు సవరించుకుని లేవబోయారు.

"అయిందా మీ తూకం? ఇంక లేవండి. పదకొండూ పదైంది" అంటూ సామ్రాజ్యం గారు జనాన్ని మోచేతుల్తో జరుపుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆయన వద్దు వద్దంటున్నా వినిపించుకోలేదు. నాలో దాచుకున్న పచ్చళ్ల పెట్టె తెరిచి, ముప్పైయొక్క ముక్కలూ కలిపి ఒక్క వీడియో చెయ్యమని బటన్ నొక్కారు.

అమ్మ తల్లీ, నీ కడుపు చల్లగుండ! అప్పుడు లేచాను నేను. ఒకటి, రెండున్నర, మూడు పాయింట్ తొమ్మిది, నాలుగు పాయింట్ రెండు! ఫ్యాన్లు హోరెత్తాయి. దోసకాయ, దొండకాయ, చింతచిగురు, పండుమిరప, ఒక్కోదాన్ని నూరి అవతల పడేస్తున్నాను.

"చెయ్యి తియ్యి సామ్రాజ్యం! చెయ్యుంటే చెల్లదు!" అని అరిచారు దశరథరామయ్య గారు.

"తీశా. ఇదిగో" అని ఆవిడ గాజుల చేతులు రెండూ పైకెత్తారు.

జనమంతా ఆ చేతులవైపు చూశారు, ఆ తర్వాత తెరవైపు చూశారు. నాలుగు పాయింట్ రెండు. చెయ్యి లేదు, ముల్లు నిలబడి ఉంది. ఆయన గడియారం చూసుకుని ఐదు నిమిషాలాగి రీడింగ్ తీశారు. నాలుగు పాయింట్ ఒకటి. మళ్లీ ఐదు నిమిషాలకు నాలుగు పాయింట్ రెండు. మూడోది కూడా అంతే. పాపం ఆయన నియమాలన్నీ ఆయన్నే చుట్టుముట్టాయి. ఇరవై నిమిషాలకు గోంగూర దగ్గర పనయిపోయింది. నేను ఊపిరి పీల్చుకుని మెల్లగా దిగి మళ్లీ సున్నా పాయింట్ ఎనిమిది దగ్గర కాళ్లు చాపుకున్నాను. సామ్రాజ్యం గారు, అయ్యో చేతులు దించొచ్చుగదా అని అప్పుడు దించి, వీడియో పంపేశారు.

"పని లేనప్పుడు కూడా పరిగెత్తమంటే ఎట్టా సార్?" అంది హైమ మెల్లగా. "ఇది సరుకు తూచే అంకె కాదు. ఈ క్షణాన ఎంత పని చేస్తందో చెప్పే అంకె."

ఆయన అంత తేలిగ్గా దిగివచ్చే రకం కాదు. "సరే, మరి మెమరీ? మూడువేల రెండొందలని రాసి పదహారొందలు ఇచ్చావు. దానికీ కునుకేనా?"

"కాదు సార్. అది ఒకసారి పోయొస్తే రెండుసార్లు సరుకు మోస్తది. పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి. ఈ ప్రోగ్రాము పోయిరావడం లెక్కపెడద్ది. పెట్టెమీద మోతలు లెక్కేసి రాస్తారు. పదహారొందలు పోయొస్తే మూడువేల రెండొందల మోతలు."

ఆయన నుదురు చిట్లించారు. సామ్రాజ్యం గారికి చిర్రెత్తింది. "ఇందులో అర్థం కాకపోడానికేముందండీ? నేను మజ్జిగ చిలికేటప్పుడు తాడు ఇటు లాగినా కవ్వం తిరుగుద్ది, అటు లాగినా తిరుగుద్ది. మీరు తాడు పోయిరావడం లెక్కపెట్టి, సగమే చిలికావంటున్నారు. నలభయ్యేళ్లు ఆ మజ్జిగే తాగారుగా, ఎప్పుడన్నా సగం వెన్నే వచ్చిందా?"

టీ కొట్టాయన పగలబడి నవ్వాడు. ఆ తర్వాత అందరూ నవ్వారు. దశరథరామయ్య గారు నవ్వలేదు. నోటుబుక్కులోంచి కొత్త కాగితం చించి, నిలబడే రాశారు. రాసింది బజారు అలవాటు ప్రకారం గట్టిగా చదివారు. "యంత్రం సరిగా ఉన్నది. అంకెలు సరిగా ఉన్నవి. చదివినవాడు తప్పు చదివినాడు. జాగర్లమూడి దశరథరామయ్య." సాక్షి సంతకం సామ్రాజ్యం గారు చేశారు. బసవపున్నయ్య గారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నలభై కంప్యూటర్లూ నువ్వే చేసిపెట్టమ్మా అన్నారు.

హైమ దశరథరామయ్య గారికి దణ్ణం పెట్టింది. అక్కడితో ఊరుకోవచ్చు, ఊరుకోలేదు. "నాకు రాసిచ్చారు సార్, సంతోషం. మరి మా నాన్నకి?"

"ఆ రాయి నిజంగానే తక్కువమ్మాయ్."

"తక్కువే సార్. తక్కువని ఆయనకి తెలుసో లేదో ఆ రోజు అడిగారా?"

ఆయన నోటుబుక్కు మూశారు. ఆటో ఎక్కి ఇంటికొచ్చేదాకా నా డబ్బామీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు, అంతే.

మర్నాడు పదింటికి మహామోసగాడు గురునాథం అధ్యాయం తెరిచారు. అంతకుముందే కొట్టిపెట్టుకున్న పద్నాలుగు పేజీలు. చదువుకున్నారు. తర్వాత ఒక్కో పేజీ చెరిపేశారు. చెరపడం నాకు చిటికెలో పని, ఆయనకు మాత్రం పూటంతా పట్టింది. ఖాళీ కాగితం మీద ఒంటివేలితో, "గురునాథానికి తెలిసే ఉంటుంది" అని కొట్టారు. చెరిపేశారు. "తెలియకపోయి ఉండవచ్చు" అని కొట్టారు. అదీ చెరిపేశారు. ఇలా వారం రోజులు గడిచాయి. వెనకనుంచి సామ్రాజ్యం గారు, మహిళామండలిలో తనకు రెండో బహుమతే ఇచ్చారని, మొదటి బహుమతి కొబ్బరిపచ్చడికిచ్చారని, కొబ్బరిపచ్చడి కూడా ఒక పచ్చడేనా అని రోజూ గొడవ పడుతూనే ఉన్నారు. ఆయన వినలేదు. ఎనిమిదోనాడు చెప్పులు వేసుకుని ఎటో వెళ్లి, పావుగంటలో తిరిగొచ్చి, కూర్చుని, ఈసారి తడుముకోకుండా కొట్టారు.

"గురునాథం గారి రాయి ఇరవై రెండు గ్రాములు తక్కువ. అది ఆయనకు తెలియదు. నేను ఆ రోజు అడగలేదు. ఈ రోజు వెళ్లి అడిగాను."

ఆ ఒక్క పేజీ ప్రింటు తీసి, కందిపప్పు, మినప్పప్పు రాసిన చీటీతోపాటు సామ్రాజ్యం గారికిచ్చి కొట్టుకి పంపారు. సాయంత్రం గుమ్మంలో ఎవరో దగ్గారు. గురునాథం గారు. చేతిలో ఆ కాగితం. ఆయన ఆ ఇంటి గుమ్మం తొక్కడం నేను చూడటం అదే మొదటిసారి.

"లోపలికి రండి" అన్నారు దశరథరామయ్య గారు, లేచి నిలబడి.

"ఇది పుస్తకంలో ఉంటదాండీ?"

"ఉంటుంది. మొదటి పేజీ."

గురునాథం గారు ఆ కాగితం మళ్లీ ఒకసారి చూసుకున్నారు. "అట్టయితే నా పేరొక్కటే వద్దండీ. ఆ రాయి మా నాన్నది. నాళం పాపయ్య. ఆయన దాంతోనే తూచీ తూచీ పోయాడు. అందరూ నాతోపాటు ఆయన్నీ అన్నారు. ఆయనకీ తెలీదని రాయండి."

దశరథరామయ్య గారు కూర్చున్నారు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు. గురునాథం గారు ఆయన కుర్చీ వెనక నిలబడి చూశారు. కొట్టడం అయ్యాక, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "మా నాన్నకి చదువు రాదండీ. ఒకసారి గట్టిగా చదవండి. ఆ రోజు బజార్లో చదివినంత గట్టిగా" అన్నారు.

దశరథరామయ్య గారు లేచి నిలబడి చదవడం మొదలుపెట్టారు. పాపయ్య గారి పేరు దాకా బాగానే చదివారు. అక్కడ ఆగి, కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకుంటూ ఉండిపోయారు. సామ్రాజ్యం గారు వంటింట్లోంచి తడిచేతులతో వచ్చి, మిగిలిన రెండు వాక్యాలూ వీధిలోకి వినపడేట్టు తను చదివారు.